వదిన చూసిన దుమ్ము

తొలకరి పడిన వారంలో మాధవి ఫోన్ చేసింది. "మీ బొమ్మల పక్కన పెట్టే రాతలు సిద్ధం చేశాం. ఒకసారి వచ్చి చదివి సరేనంటే ఇత్తడి రేకుల మీద చెక్కించేస్తాం. చెక్కించాక మార్చడానికి ఉండదు, అందుకే అడుగుతున్నా," అంది. మాధవి నడిపేది 'నడవ' అనే చిన్న గ్యాలరీ. విశాఖపట్నం వన్‌టౌన్‌లో, హార్బరు వైపు దిగే ఒక సందులో, పాత పెంకుటింటి ముందు భాగం అది. దాన్ని మొదలుపెట్టింది ఆమె మేనత్త సుభద్ర టీచర్. ఊళ్ళో బొమ్మలు వేసేవాళ్ళని వెతికి, ఇంటికి పిలిచి, వాళ్ళ పనిని తన గోడ మీద పెట్టి నలుగురికీ చూపించిన మనిషి ఆవిడ. టీచర్ పోయి చాలాకాలమైంది. నేను ఆ గడప తొక్కి కూడా అంతే. గొడుగు మడిచి లోపలికి వెళ్ళేసరికి ఎదురుగోడ మీద నావే ఆరు బొమ్మలు వరసగా ఉన్నాయి. వాటి పక్కన అట్టముక్క మీద ఇలా రాసి ఉంది: 'ఈ ఊరి దుమ్ముకి ఒక రంగు ఉందని మొదట చూసిన కళ్ళు అప్పలరాజువి.'

ఆ అప్పలరాజుని నేనే. ఆ కళ్ళు మాత్రం నావి కావు. మా వదిన నూకరత్నానివి. ఆ మాట ఇత్తడి మీదకి ఎక్కితే ఇక ఆమె పేరు ఆ బొమ్మల్లోకి ఎప్పటికీ రాదు. "రెండు వారాలు ఆగమ్మా," అని మాధవిని అడిగి బయటపడ్డాను. వానలో బస్టాపు దాకా నడుస్తూ నేను తలుచుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

అప్పట్లో మా ఇల్లు కూడా వన్‌టౌన్‌లోనే. రెండు గదులు, వెనక పెరడు, పెరట్లో ఒక మూల నుంచి ఇంకో మూలకి దండెం. నాన్న మా చిన్నప్పుడే పోతే ఇంటి బరువు మా అన్న సింహాచలం మీద పడింది. అన్న పోర్టులో కళాసీ. అమ్మ పొద్దున్నే గుమ్మంలో కూర్చుని అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని, కళ్ళు సగం మూసి, దారిన పోయేవాళ్ళని ముక్కుతోనే పలకరించేది. ఆ చుట్ట వాసన, రేవు వైపు నుంచి ఎండుచేపల వాసన, ఓడల తారు వాసన కలిసి వస్తేనే నాకు తెల్లారినట్టు ఉండేది. వాటన్నిటి మీదా దుమ్ము. పోర్టులో ఓడలకి ఎత్తే ఇనప ఖనిజం గాలికి లేచి వచ్చి మా వీధిలో వాలేది. అమ్మ పీట తుడవకుండా కూర్చునేది కాదు. తుడిచిన గుడ్డ దులిపి, ఆ దులిపిన చోటు నుంచి పీట ఇంకో పక్కకి జరుపుకునేది. నీళ్ళ బిందె మీద పళ్ళెం, పళ్ళెం మీద తడిగుడ్డ. ముగ్గు పెట్టిన గంటకి ముగ్గు మీద ఒక పొర. అది ఎర్రదుమ్మని ఊరంతా అనేది. నేనూ అనేవాణ్ణి. నాకు తెలిసిందల్లా దాని గరుకుదనం, పళ్ళ మధ్య దాని చప్పుడు. దాని ఎరుపు నేనెప్పుడూ చూడలేదు.

చూడలేదన్న సంగతి నాక్కూడా డిగ్రీ అయ్యేదాకా తెలియదు. క్రేన్ నడిపే పనికి ట్రైనింగులో తీసుకుంటామన్నారు, రాతపరీక్ష పాసయ్యాను, చివర కళ్ళ పరీక్ష. డాక్టరు గారు ఒక పుస్తకం తెరిచి, చుక్కల మధ్య ఏ అంకె ఉందో చెప్పమన్నారు. నాకు కింద ఒలికిపోయిన ఆవాలు కనిపించాయి. పేజీ తిప్పారు, మళ్ళీ ఆవాలే. నా వెనక వరసలో ఉన్న కుర్రాడు జాలిపడి అంకె గొణిగాడు కూడా. ఆయన పుస్తకం మూసేసి, "ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదు బాబూ నీకు. పుట్టుకతో వచ్చింది. భయపడకు, కానీ క్రేన్ కుదరదు," అన్నారు. ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగిన పంచాయితీ నాకింకా చెవిలో ఉంది. అన్న చొక్కా అయినా విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు.

"క్రేన్ కాకపోతే ఇంకోటి. అదేటి పెద్ద పని కాదు. గానీ ఈ మాట మన గడప దాటకూడదు. కల్లకి లోపమని తెలిస్తే రేపొద్దున్న వీడికి పిల్లనెవుడిత్తాడు?" అన్నాడు.

"లోపమేటిరా నా కొడుక్కి? సేపలో ముల్లు నీకంటే ముందు ఈడే తీత్తాడు," అంది అమ్మ గుమ్మంలోంచి.

వదిన మాత్రం వంటింట్లోకి వెళ్ళి ఒక పచ్చిమిరపకాయ, ఒక పండుమిరపకాయ తెచ్చి నా మొహం ముందు ఆడించింది. "ఇదేటి? అదేటి?" అని అడిగింది. నేను తప్పు చెప్పాను. "ఓలమ్మా! అయితే నీకివి రెండూ ఒకటేనా రాజూ? మరి ఇన్నాల్లూ ఎలగ తిన్నావు?" అని ఆశ్చర్యపోయింది. "నోట్లో పెట్టుకుంటే తెలిసేది," అన్నాను. ఆమె నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వుకి నాకూ నవ్వొచ్చింది. ఆ రోజు నేను నవ్వింది అదొక్కసారే.

వదినది ఆనందపురం అవతల పల్లె. వాళ్ళది పూల తోట. పెళ్ళి కాకముందు తెల్లారకుండానే లేచి, కోసిన బంతిపూలని రంగు చూసి బుట్టలకి వేరు చేయడం ఆమె పని. గుడికెళ్ళే ముద్ద పసుపు వేరు, పెళ్ళికెళ్ళే నారింజ వేరు, లారీలకి కట్టే ముదురు రంగు వేరు. ఒక బుట్టలోది ఇంకో బుట్టలో పడితే వాళ్ళ నాన్న గంప తిరగబోసి మళ్ళీ మొదటి నుంచి ఏరించేవాడట. మా ఇంటికొచ్చాక ఆ చూపుకి పని లేకపోయింది. కూర ఉడికిందో లేదో మూత తీసి రంగు చూసే చెప్పేది. అన్న జ్వరం పడబోతున్నాడని ముందు రోజే అతని చెవుల రంగు చూసి చెప్పేది. మేమంతా దాన్ని ఆమె చాదస్తం కింద జమకట్టాం.

నేను ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. బొమ్మలు గీయడం చిన్నప్పటి నుంచీ ఉంది, అంతా పెన్సిలుతోనే. మోకులు చుట్టిన కట్టలు, నీళ్ళ టాంకీ దగ్గర వరస, అమ్మ చుట్ట. ఒక ఆదివారం వదిన బియ్యం ఏరుతూ నా భుజం మీదుగా తొంగిచూసి, "అన్నీ బొగ్గులో ముంచి తీసినట్టున్నాయి. రంగులెయ్యరాదా?" అంది. "తెలిసి అడుగుతున్నావేం వదినా?" అన్నాను కోపంగా. "నాను సెప్తాను. నువ్వెయ్యి. నీకు సెయ్యుంది, నాకు కన్నుంది. దానికి కోపమెందుకూ?" అని బియ్యంలో రాయి తీసి నా మీదకి విసిరింది.

మా పాత పోపుల డబ్బా ఆ వారమే నా రంగుల పెట్టె అయింది. ఎండుమిరపకాయలుండే గిన్నెలో ఎరుపు, ఆవాల గిన్నెలో నలుపు, మినప్పప్పు గిన్నెలో తెలుపు, మెంతుల గిన్నెలో పసుపు, జీలకర్ర గిన్నెలో గోధుమరంగు. నడి గిన్నెలో నీలం. ఆకుపచ్చని మాత్రం డబ్బాలోకి రానివ్వలేదు, "ఇది నీ శత్రువు, దీన్ని దూరంగా పెడదాం," అని కిటికీలో విడిగా గాజు సీసాలో పెట్టింది. పుట్టినప్పటి నుంచీ ఆ డబ్బా పక్కన అన్నం తిన్నవాణ్ణి, ఏ గిన్నె ఎక్కడుందో నా చేతికి తెలుసు. వదిన గోడకి ఆనుకుని చింతపండు పిక్క తీస్తూ చెప్పేది: "మినప్పప్పులో రెండు మెతుకులంత మిరప. ఇంకా. ఆపు. ఎక్కువైపోయింది, పప్పెయ్యి." అలా ఒక ఆకాశం తయారయ్యేది. మొదట్లో నేను అడిగిన రంగులు ఆమె చెప్పేది. పోను పోను నేను అడగని రంగులు చెప్పడం మొదలుపెట్టింది.

ఆ రోజు నేను పెరట్లో దండెం మీద ఆరేసిన బట్టల బొమ్మ వేస్తున్నాను. అన్న పంచెకి తెలుపు తీసుకున్నాను.

"ఆ పంచె ఏటి రంగు?" అంది వదిన.

"తెలుపు."

"తెలుపా, నీ మొహమా? నాను ఉతికి ఆరేసి గంటయింది. గాలి పోర్టు మీంచి వత్తంది. బియ్యం కడిగిన నీల్లలో పండుమిరప రసం ఒక్క సుక్క పడినట్టుంది సూడు. పైన తక్కువ, అంచు దగ్గర ఎక్కువ. మడత లోపల లేదు."

"నాకు కనబడదు వదినా."

"అయితే జరుగు," అని చింతపండు చెయ్యి కడుక్కుని వచ్చి, నా చేతిలోంచి కుంచె తీసుకుని, తనే కలిపింది. చాలాసేపు కలిపింది. వెలుతురు మారుతుంటే రెండుసార్లు పారబోసింది. చివరికి నా చేతికిచ్చి, "ఇది పుయ్యి. మడతల్లోకి పోనీకు," అంది. నేను పూశాను. నాకు ఆ పంచె పూసేముందు ఎలా ఉందో పూశాకా అలాగే ఉంది. బయట నుంచి వచ్చిన అన్న ఆ బొమ్మ చూసి, "ఒలే, నా పంచె మల్లీ దుమ్ము పట్టీసింది, దులపండి," అన్నాడు. ఆ మాట వినగానే వదిన మొహం ఎలా వెలిగిందో, ఆ వెలుగు మాత్రం నేను బాగా చూశాను.

సుభద్ర టీచర్ ఆ రోజుల్లోనే రిటైరయ్యారు. బళ్ళో డ్రాయింగ్ చెప్పేవారు. ఇంట్లో ఒక్కరే. వీధి గుమ్మం నుంచి పెరటి దాకా ఉన్న పొడుగాటి నడవకి సున్నం కొట్టించి, చేపల వలల తాడుతో బొమ్మలు వేలాడదీయడం మొదలుపెట్టారు. నెలకొకరు. రోజూ పొద్దున్నే పాత నూలు చీర ముక్కతో ఒక్కో పటం మీద దుమ్ము తుడిచేవారు, పసిపిల్లల మొహం తుడిచినంత మెల్లగా. అక్కడ ఒక పద్ధతి ఉండేది. అలాంటిది నేను మరెక్కడా వినలేదు. బొమ్మ వేసినవాడు తన బొమ్మల పక్కన నిలబడి మాట్లాడకూడదు. వాళ్ళింట్లోంచి ఒకరు వచ్చి గోడ పక్కన స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్ళకి ఆ బొమ్మల గురించి చెప్పాలి. "వేసినవాడు ఎలాగూ గొప్పలే చెప్పుకుంటాడు. వాడు అది వేసేటప్పుడు ఇంట్లో ఏం జరిగిందో నాకు కావాలి," అనేవారు టీచర్.

ఆ మాటలు వినడానికే నేను ప్రతి నెలా వెళ్ళేవాణ్ణి. సినిమా బ్యానర్లు రాసే ఒకాయన భార్య కూర్చున్న రోజు నవ్వలేక చచ్చాం. "బయటేమో మేడంత మొగాలేత్తాడు, ఇంటికొచ్చి గోరంత పిట్టలేత్తాడు. ఆ పిట్టలకి భయపడి నాను ఫ్యానెయ్యకూడదంట. ఇదేటి రోగమో మీరే సెప్పండి టీచరమ్మా," అందామె, తర్వాత అదే పిట్టల్ని ఒక్కోదాన్నీ పేరు పెట్టి చూపించింది. స్టీల్‌ప్లాంటులో డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన కూతురు వచ్చి, "మా నాన్న బీచికొచ్చినా సముద్రం వైపు చూడరండి, రాళ్ళ వైపు తిరిగి కూర్చుంటారు. మేం తడిసి వచ్చేసరికి ఒక రాయి అయ్యుంటుంది," అని చెప్పింది. అన్నిటికంటే నాకు గుర్తున్నది జాలరిపేట నుంచి వచ్చిన ఒక ముసలామె. కొడుకు బొగ్గుతో తండ్రి బొమ్మ గీశాడు. "నా పొయ్యిలో బొగ్గే," అని మొదలుపెట్టింది. "మా ఆయన బతికున్నప్పుడు ఇంత నిదానంగా ఎన్నడూ కూకోలేదు. ఇప్పుడు కూసున్నాడు. నాను సేపలమ్మి వచ్చీదాకా అలాగే కూసుంటాడు," అంది. అక్కడున్న లెక్చరర్లూ ఆఫీసర్లూ ఆ బొమ్మ దగ్గరికి జరిగి వంగి చూశారు. ఇప్పుడు నేను చూసే పెద్ద పెద్ద హాళ్ళలో చల్లగా ఉంటుంది, లైట్లు బాగుంటాయి, చేతికి ఒక కాగితం ఇస్తారు. ఆ కాగితాల్లో ఎవరి పొయ్యీ ఉండదు.

నా వంతు వచ్చింది. బొమ్మలు ఎంచడానికి టీచర్ మా ఇంటికే వచ్చారు. వదిన టీ పెడుతోంది. ఆమె వేలి కణుపుల మీద రంగు ఎండిపోయి ఉంది. కిటికీలో పోపుల డబ్బా మూత తీసే ఉంది. టీచర్ ఆ డబ్బా వైపు చూశారు, వదిన చేతుల వైపు చూశారు, నా వైపు చూశారు.

"స్టూలు మీద ఎవరు కూర్చుంటారు? మీ వదినేగా?" అన్నారు.

వదిన కూర్చుంటే ఏం చెబుతుందో నాకు తెలుసు. ఉన్నదున్నట్టు చెబుతుంది. మరిదికి రంగులు కనబడవని, తనే కలిపిందని, నవ్వుతూ, పండుమిరప కథతో సహా చెబుతుంది. అన్న చెప్పిన పెళ్ళి భయం నా వెనక ఎలాగూ ఉంది. కానీ నేనప్పుడు చెప్పిన జవాబు ఆ భయంతో వచ్చింది కాదు. టీచర్ అంతకు కాస్త ముందే నా పంచె బొమ్మ ముందు నిలబడి, "ఈ రంగు... ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉన్నాను, దీన్ని ఎవరూ వేయలేదురా," అన్నారు. ఆ మెప్పు నాకొక్కడికే దక్కాలనిపించింది.

"అన్న కూర్చుంటాడండి. వదినకి నలుగురిలో మాట్లాడటం రాదు," అన్నాను.

కుళాయి దగ్గర వరసలో నిలబడ్డ ఆడవాళ్ళందర్నీ బిందెలు జారిపోయేలా నవ్వించే మనిషి గురించి అన్నానా మాట. వదిన టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఉంది. "అవును టీచరమ్మా. మాటలన్నీ దేవుడు మా మరిదికే ఇచ్చీసాడు. టీలో పంచదార సరిపోయిందా?" అని గ్లాసు అందించింది. టీచర్ ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు.

ప్రదర్శన రోజు పొద్దున వదిన తలంటుకుని, గంజి పెట్టిన నూలుచీర కట్టుకుని ఉంది. ఎందుకో నేను అడగలేదు. అన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటుంటే చూసి, లోపలికి వెళ్ళి పెద్ద గిన్నెడు పులిహోర కలిపి ఇచ్చింది, "వచ్చినోల్లకి పెట్టండి," అంది. అన్న స్టూలు మీద కూర్చుని, అడిగినవాళ్ళందరికీ "మావాడు చిన్నప్పట్నించీ అంతేనండి," అని ఒకే సమాధానం చెప్పి, మధ్యాహ్నానికి గోడకి తల ఆనించి నిద్రపోయాడు. పేపరువాళ్ళు వచ్చారు. ఆ రంగు ఎలా పట్టుకున్నారని అడిగారు. "ఈ దుమ్ములో పుట్టి పెరిగినవాణ్ణి, కళ్ళు తెరిస్తే కనిపించేది అదేగా," అన్నాను. ఆ వాక్యం అచ్చయింది. తర్వాత ఎన్నోసార్లు అచ్చయింది. నేనే మళ్ళీ మళ్ళీ చెప్పాను. టీచర్ చివరిదాకా నన్ను చూసినప్పుడల్లా ముందు "మీ వదిన బాగుందా?" అని అడిగేవారు. నా బొమ్మల గురించి తర్వాతే.

నా పెళ్ళయింది. కాపురానికొచ్చిన నెలలోనే నేను తెచ్చిన చీర రంగు చూసి మా ఆవిడ సంగతి కనిపెట్టేసింది, కడుపుబ్బ నవ్వింది, అంతటితో పోయింది. అన్న భయం అక్కడితో తీరిపోయింది. చెప్పడానికి ఇక అడ్డమేమీ లేదు. అయినా చెప్పలేదు. కొన్నేళ్ళకి అన్న వన్‌టౌన్ ఇల్లు వదిలి గాజువాక వైపు వెళ్ళిపోయాడు, వదిన వెళ్ళింది, ఆమెతో నా రంగులు వెళ్ళాయి. నేను కుంచె పక్కన పెట్టేశాను. పేరు బాగా వస్తున్నప్పుడు మానేసిన నిరాడంబరుడని దానికీ మెచ్చుకున్నారు. ఆఫీసు పని ఎక్కువైందని చెప్పాను. ఇప్పుడు ఫోను చూపిస్తే రంగు పేరు చెప్పే సదుపాయం వచ్చింది. దాన్ని ఏ గోడకి చూపించినా 'గోధుమరంగు' అంటుంది. అది నిజమే అయి ఉండొచ్చు. బియ్యం కడిగిన నీళ్ళలో పండుమిరప చుక్క అని దానికి తెలియదు.

మాధవి దగ్గర్నుంచి వచ్చిన మర్నాడే అచ్యుతాపురం బస్సెక్కాను. వదిన కొడుకు అక్కడ ఒక కంపెనీలో పనిచేస్తాడు. అన్నా వదినా ఇప్పుడు వాడి దగ్గరే ఉంటున్నారు. షిఫ్టు బస్సులు వరసగా వెళ్తుంటే వదిన రోడ్డు పక్క ఇంటి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. నేను బస్సులో కూడబలుక్కున్నదంతా నిలబడే చెప్పేశాను. అట్టముక్క మీద ఏముందో చెప్పాను. తప్పు చేశానన్నాను.

"సేసావు," అంది వదిన. చిక్కుడుకాయలు తుంచుతూనే ఉంది. తర్వాత, "పులిహోర కూడా నువ్వే సేసావని సెప్పీసేవా ఏటి?" అంది.

నేను చెప్పులు విప్పి అరుగు పక్కన నిలబడ్డాను.

"కూకో ముందు. నలుగురిలో మాటాడ్డం రాదన్నావు సూడు, అది మాత్రం నాకు రెండేల్లు నొప్పెట్టింది రాజూ. రంగులు తీసుకున్నావు, పోన్లే, మా మరిదే కదా. నోరు కూడా తీసీసుకున్నావు."

"ఇప్పుడు నీ పేరు రాయిస్తాను వదినా. నీకు ఇష్టమైతేనే."

వద్దంటుందని, నాకెందుకులే అంటుందని లోపల ఎక్కడో అనుకున్నాను. అలా అంటే నా పని తేలికయ్యేది. వదిన చేట పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, "ఇష్టమే. పూర్తి పేరు రాయించు. అత్తోరింటి పేరు కాదు, కన్నోరింటి పేరు. కోరాడ నూకరత్నం. ఆ రంగులు నాను అక్కడే నేర్సుకున్నాను," అంది. లోపల్నుంచి అన్న, "మరి నా పేరో? పంచె నాదే కదా," అని కేకేశాడు.

మరుసటి వారం ఆమెని నడవకి తీసుకొచ్చాను. మాధవి అన్నీ విని, లోపలికి వెళ్ళి అట్టముక్కలు తీసేసింది. ఈవిడ ఎలా చెబితే అలా రాస్తామంది. వదిన కళ్ళద్దాలు తుడుచుకుని ఒక్కో బొమ్మ ముందూ ఆగింది. ఒక చోట "ఇది సాయంత్రం, గాలి తిరిగిన తర్వాత," అంది. ఇంకో చోట "ఇక్కడ నీలం ఎక్కువెయ్యమన్నాను, ఇనలేదు," అంది. మాధవి పక్కనే నడుస్తూ రాసుకుంటోంది. అయిదో బొమ్మ మా వీధి మలుపు. అరుగు కింద ఒక కుక్క పడుకుని ఉంటుంది. వదిన దాని ముందు ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వడం మొదలుపెట్టింది.

"ఏమైంది వదినా?"

"ఇది నాది కాదు. బొమ్మంతా నాదే గానీ ఈ కుక్క నాది కాదు. నాను పురిటికి కన్నోరింటికెల్లినప్పుడు నువ్వొక్కడివే ఏసుకున్నావు. జీలకర్ర గిన్నె అయిపోతే మెంతుల్లో ఆవాలు కలిపీసుంటావు, ఆకుపచ్చ కుక్కనేసావు రాజూ!"

నేను మాధవి వైపు చూశాను. మాధవి మొహమాటంగా తలూపింది. "పచ్చదేనండి. ముదురు పచ్చ. మీరు కావాలనే వేశారని మేమంతా... అత్తయ్యకి అది చాలా ఇష్టం."

ఎంతమంది ఆ కుక్కని మెచ్చుకున్నారో నాకు గుర్తొచ్చింది. ఏం ధైర్యమండీ మీది, ఆ కుక్క ఒక్కటి చాలు అనేవారు. అది పడుకున్న తీరు గురించి అంటున్నారనుకుని నేను దణ్ణాలు పెట్టేవాణ్ణి.

"తిరిగొచ్చాక చూశావు కదా. ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"సెప్తే మల్లీ కుంచె ముట్టవనుకున్నాను. సంటిపిల్లని ఎత్తుకుని ఆ కుక్కని సూసి ఒక్కద్దాన్నీ ఎంత నవ్వుకున్నానో," అని మాధవి వైపు తిరిగింది. "అమ్మా, రంగులు నావని రాయి. కుక్క మాత్రం ఈడిదని రాయి. ఈడిది ఈడికి ఉండాల కదా."

అలాగే చెక్కారు. ఇత్తడి రేకు మీద మొదట 'రంగులు: కోరాడ నూకరత్నం', కింద 'గీత: అప్పలరాజు', ఆ అయిదో బొమ్మకి మాత్రం ఇంకో వరస: 'కుక్క పూర్తిగా అప్పలరాజుది.' ఈ మధ్య నేను తరచు వెళ్ళి దాని ముందు నిలబడుతున్నాను. పిల్లలు దాన్ని చూడగానే నవ్వుతారు, పెద్దవాళ్ళు రేకు చదివి నవ్వుతారు. నాకు మాత్రం అది అరుగు కింద పడుకున్న మామూలు వీధికుక్కలాగే కనిపిస్తుంది.